అరచేతిలో నాద భాండాగారము

నేడు పలు గృహములలో పుస్తకముల బీరువా ప్రక్కన అరచేతి వెడల్పు గల చిన్న పెట్టె యొకటి కనుపించుచున్నది. దానిని కంప్యూటరునకు తగిలించినచో తాతల నాటి గ్రామఫోను పాటలు, పెండ్లి ఛాయాచిత్రములు, రేడియో నాటికలు, చలనచిత్రములు అన్నియు అందుండి వెలువడును. దీనినే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అందురు. ఇంతటి భాండాగారము ఇంత చిన్న పెట్టెలో నెట్లు ఇమిడినది? అది ఎంతకాలము నిలుచును? ఈ రెండు ప్రశ్నలకును చరిత్రయే సమాధానము చెప్పగలదు.

ధ్వనిని నిలిపి మరల వినిపించుటలో ప్రథముడు ఎడిసన్. 1877లో అతడు తగరపు రేకుపై సూదితో ధ్వనిని ముద్రించెను. 1887లో బెర్లినర్ గ్రామఫోను పళ్లెమును కల్పించెను. ఈ రెండింటను ధ్వని గాడి రూపముననే యుండెను. 1898లో డెన్మార్కు దేశీయుడగు పౌల్సన్ గాడితో పనిలేకుండ, ఉక్కుతీగపై అయస్కాంతశక్తితో మాటను నిలిపెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పలికిన మాటలు ఆ యంత్రమున నిలిచి నేటికిని వినబడుచున్నవి. 1928లో జర్మనీలో ఫ్లాయ్‌మర్ అయస్కాంతపు పొడి పూసిన టేపును రూపొందించెను. పిమ్మట దశాబ్దముల పాటు రేడియో కార్యక్రమములకు టేపే ఆధారమైనది. కాని టేపు చివరనున్న పాట వినవలెనన్న మొదటినుండి చుట్టవలసినదే.

ఈ చిక్కును తీర్చినది 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రము. అందు 24 అంగుళముల పళ్లెములు 50 గలవు. గ్రామఫోను ముల్లును కోరినచోట దించునట్లు, ఒక చేయి కోరిన పళ్లెము కడకు నేరుగా పోయి చదువును. సుమారొక టన్ను బరువు గల ఆ యంత్రమున పట్టినవి 50 లక్షల అక్షరములు, నేటి ఎం.పి.3 పద్ధతిలో ఒక్క పాట! 1980 నాటికి అంతకంటె కొంత ఎక్కువ సామర్థ్యము ఐదుంబావు అంగుళముల పళ్లెములకు దిగినది. 1988లో ఫెర్ట్, గ్రున్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగ కనుగొనిన అయస్కాంత ధర్మము వలన మిక్కిలి సూక్ష్మమగు గురుతులను సైతము చదువుట సాధ్యమైనది. వారికి 2007లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరమే ఒక టెరాబైటు డిస్కు అంగడికి వచ్చినది. పాటకు నాలుగు మెగాబైట్ల చొప్పున లెక్కించిన, అందు రెండున్నర లక్షల పాటలు పట్టును.

సామర్థ్యము పెరిగినంతగా ఆయువు పెరగలేదు. తిరుమల ఆలయమున తాళ్లపాక కవుల సంకీర్తనలు గల రాగిరేకులు శతాబ్దములు నిలిచినవి. వానిని చదువుటకు కన్నులు చాలును. వానిపై రాగము పేరు కలదు, గానము లేదు. డిస్కున గానమే కలదు. కాని అది నిలుచునది కొలది సంవత్సరములే. తిరుగు పళ్లెముపై చదువు ముల్లు వెండ్రుక మందములో వేయవ వంతుకన్న తక్కువ ఎత్తున తేలుచుండును. పెట్టె చేజారినచో ముల్లు పళ్లెమును గీరును. పురుగు తిన్న తాటాకున మిగిలిన పంక్తులైన దక్కును. డిస్కు చెడినచో ఒక్కమారే సర్వమును పోవచ్చును.

తాటాకు శాశ్వతము కాదని మన పూర్వు లెరుగుదురు. అందుచే తరతరమునను ప్రతులు వ్రాయించిరి. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌన్ పండితులను నియమించి తెలుగు కావ్యములకు శుద్ధప్రతులు సిద్ధము చేయించెను. నేడు మన చేతనున్న వాఙ్మయములో అధికభాగము అట్టి ప్రతుల పుణ్యమే.

గృహస్థుడును ఈ మార్గమునే అనుసరింపవలెను. విలువైనవానికి రెండు డిస్కులపై ప్రతులుంచి, అందొకటి వేరొక ఇంట, వీలైన వేరొక ఊర నుంచుట మేలు. ఏటికొకమారు తెరచి పరీక్షింపవలెను. కొన్ని యేండ్లకొకమారు క్రొత్త డిస్కునకు మార్చవలెను. తాత కంఠస్వరము మనుమని మనుమడు వినవలెనన్న, నడుమనున్న ప్రతి తరమును ఒకమారు ప్రతి తీయవలసియున్నది.