క్రీస్తు జయంతియు ప్రత్యక్షతా పర్వమును



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మన యిండ్ల ముంగిళ్లలో ముగ్గులు కనబడును. తెల్లవారక మునుపే దేవాలయములలో తిరుప్పావై వినబడును. ఆ దినములలోనే గోదావరి తీరమున నున్న మంచిర్యాల పట్టణమున మరియొక దృశ్యము కానవచ్చును. కొన్ని యిండ్ల చూరులకు వెదురుబద్దలతో గట్టి రంగుకాగితము లంటించిన నక్షత్రములు వ్రేలాడుచుండును. వాని లోపల దీపము వెలుగుచుండును. అవి క్రైస్తవుల యిండ్లు. వారు క్రీస్తు జననోత్సవమునకై కనిపెట్టుకొనియున్న దినము లవి. 'ఇది పరదేశపు పండుగ గదా, మనకేమి ప్రసక్తి?' యని యడుగు పెద్దలు పలువురు గలరు. ఒకప్పుడు నేనును ఆ ప్రశ్న నడిగినవాడనే. చరిత్ర చదివిన పిమ్మట నాకు దోచిన సమాధానమును నేడు మీకు మనవి చేసెదను.

ఈ పర్వకాలమునకు మూడంగములు కలవు. మొదటిది ఆగమన కాలము. ఇది జననోత్సవమునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములతో గూడినది. ప్రార్థనకును ఆత్మపరిశీలనమునకును ఏర్పడినది. రెండవది డిసెంబరు 25వ తేదిని వచ్చు జననోత్సవము. మూడవది జనవరి 6వ తేది ప్రత్యక్షతా పర్వము. లోకులు వీనిలో నడిమిదానిని మాత్రమే యెక్కువగా నెరుగుదురు. కాని తూర్పుదేశపు సంఘములలో మొదట నెలకొన్నది కడపటిదియే. డిసెంబరు 25వ తేది పర్వమునకు మన కెరుకయైన తొలి ఆధారము రోమునగరమున 354వ సంవత్సరమున కూర్చబడిన పంచాంగము వంటి గ్రంథమున కలదు. 386లో అంతియొకయ పట్టణమున ప్రసంగించిన యోహాను క్రిసోస్తోము అను గురువు, ఈ పండుగ తమకు తెలిసి పదియేండ్లయినను కాలేదని చెప్పియున్నాడు. అర్మేనియా దేశపు ప్రాచీన సంఘమువారు నేటికిని జననమును ప్రత్యక్షతను జనవరి 6వ తేదిననే కలిపి జరుపుకొందురు. ఆగమన కాలమునకు మూలమైన ఉపవాసదీక్ష అయిదవ శతాబ్ది చివరిభాగమున గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సున, కానవచ్చుచున్నది. కావున ఈ పర్వములు ఒక్కనాడు పుట్టినవి కావు. ఒక్క దేశమున పెరిగినవియు కావు.

క్రీస్తు ఏ మాసమున, ఏ తేదిని జన్మించెనో సువార్తలలో లేదు. మరి డిసెంబరు 25 ఎట్లు వచ్చినది? దీనికి రెండు సమాధానములు చెప్పుదురు. రోమకుల లెక్కలో అది ఉత్తరాయణ ప్రవేశదినము. 274లో ఔరేలియను చక్రవర్తి అజేయసూర్యుని పేర గుడి కట్టించి ఆ యారాధనను హెచ్చించెను. ఆ సూర్యోత్సవమునకు మారుగా, నిజమైన వెలుగు క్రీస్తే యని క్రైస్తవులు ఈ దినమును గైకొనిరని కొందరందురు. మార్చి 25వ తేదిని గర్భధారణదినముగా నెంచి, అక్కడనుండి తొమ్మిది మాసములు లెక్కించిరని మరికొందరందురు. వివాద మింకను తీరలేదు.

ఇందు మనకొక విశేషము కలదు. చిత్రాపక్ష అయనాంశము ననుసరించి లెక్కించినచో, క్రీస్తుశకము మూడవ శతాబ్ది చివర మన మకరసంక్రాంతియు నిజమైన ఉత్తరాయణ ప్రవేశమును ఒక్కచోటనే యుండెను. డెబ్బదిరెండేండ్లకు సుమారొక దినము చొప్పున అయనచలనము వలన సంక్రాంతి జరిగి జరిగి, ఇప్పుడు జనవరి 14, 15 తేదులకు వచ్చినది. అనగా రోమునగరమున ఆ పండుగ రూపుగట్టుచున్న కాలమునకు సమీపముననే, మన సంక్రాంతియు సూర్యుడు ఉత్తరమునకు దిరుగు ఆ కొలది దినములలోనే పడుచుండెను. ఒకదానినుండి మరియొకటి పుట్టినదని నే ననను. చలిరాత్రి దీర్ఘమైనప్పుడు వెలుగునకై యెదురుచూచుట మనుష్యులందరికిని సమానమని మాత్రమే నా మాట.

ఇక ప్రత్యక్షతా పర్వము. పశ్చిమదేశపు సంఘములలో ఇది తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి శిశువును వెదకికొనుచు వచ్చిన దినము. మత్తయి సువార్తలో వారు ముగ్గురని లేదు. వారి కానుకలు మూడు గనుక లోకము వారిని ముగ్గురిని చేసినది. ఆ కానుకలు బంగారము, సాంబ్రాణి, బోళము. బంగారము సంగతి యటుండనిండు. సాంబ్రాణి పొగ వేయని యిల్లు మన గ్రామములలో నున్నదా? బోళము మన వైద్యులు చిరకాలముగా నెరిగిన యౌషధమే కదా! లూకా సువార్త ప్రకారము ఆ జననవార్త మొట్టమొదట వినినవారు రాత్రివేళ పొలములలో మంద కాచుకొనుచున్న గొల్లలు. మత్తయి ప్రకారము దూరమునుండి వచ్చి మ్రొక్కినవారు అన్యదేశీయులు. ఊరి వెలుపలివారికిని దేశము వెలుపలివారికిని వెలుగు కనబడుటయే ఈ పర్వముయొక్క సారము.

ఈ సారము మన తెలుగుగడ్డమీద రాతికట్టడములుగా నిలిచినది. మెదకు పట్టణమున వెస్లియను సంఘపు పోస్నెట్ దొరగారు కట్టించిన మహాదేవాలయము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదిని, సరిగా జననోత్సవమునాడే, ప్రతిష్ఠింపబడినది. అది నూరడుగుల వెడల్పు, రెండువందల యడుగుల పొడవు గలది, గోపురము నూటడెబ్బదియైదడుగులు. కరవు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించి అన్నము పెట్టుటకు ఆ నిర్మాణము తోడ్పడెనని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు.

రెండవది డోర్నకల్ దేవాలయము. తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు, తమ జిల్లావారు స్థాపించిన మిషనరీ సంఘము పక్షమున 1909లో డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, మనవారిలో నొకరైరి. 1912 డిసెంబరు 29వ తేదిని కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు ఆయనయే. డోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయమునకు ప్రత్యక్షతా దేవాలయమని పేరు. అది 1939 జనవరి 6వ తేదిని, ఆ పర్వదినముననే, ప్రతిష్ఠింపబడినది. అందు మన మండపస్తంభముల పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు ఒక్కచో నమరియున్నవి. ఆ అధ్యక్షమండలమున చేరినవారిలో పెక్కురు మాల మాదిగ కులములవారు. ఊరి గుడిలోనికిని ఊరి బడిలోనికిని రానీయబడని వారికి అక్షరమును కూర్చుండుటకు చోటును దొరికినవి. అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదిని, ప్రత్యక్షతా పర్వమున కైదు దినములు ముందుగా, డోర్నకల్‌లోనే పరమపదించిరి.

మంచిర్యాల సంగతి మరియొక విధముగా విచిత్రమైనది. ఇచ్చట దక్షిణ ఇండియా సంఘమువారు పశ్చిమపద్ధతిని పండుగ జరుపుకొందురు. కేరళమునుండి వచ్చిన సిరో మలబారు కతోలికులు సిరియా సంప్రదాయపు పంచాంగము ననుసరింతురు. తోమా అపొస్తలుడు 52లో మన దేశమునకు వచ్చెనని వారి పరంపర. వారి మిషను 1962లో చాందాలో నారంభమై, 1999లో ఆదిలాబాదు మేత్రాసనముగా విడివడినది. దాని పీఠాధిపతి నివాసము మంచిర్యాలలోనే కలదు. వారు ఆగమన కాలమును 'సుబార' యందురు. శుభవార్త యని యర్థము. వారి యారాధనా సంవత్సరము దానితోనే మొదలగును. ప్రత్యక్షతను 'దెన్హా' యందురు, ఉదయమని యర్థము. ఆ దినమున వారు ముఖ్యముగా తలచునది జ్ఞానుల రాకను గాదు, యొర్దాను నదిలో క్రీస్తు పొందిన స్నానమును. కేరళమున కొన్నిచోట్ల ఆ పండుగకు ఆలయముల ముందు అరటిబోదెలు నాటి వానిపై దీపములు వెలిగింతురు. పెండ్లిపందిటికి అరటిబోదెలు కట్టు మనకు ఆ శోభ క్రొత్తగాదు. ఇట్లు ఒక్క పట్టణమున, ఒక్క నదీతీరమున, ఒక్క పర్వమునకు రెండర్థములు ప్రక్కప్రక్కన వర్ధిల్లుచున్నవి. ఎవరును ఎవరితోను కలహింపరు.

మన భాషయు ఈ పర్వమునకు దూరముకాదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలగువారు పల్లవి చరణములతో, మన రాగతాళములతో రచించిన కీర్తనలు తెలుగు క్రైస్తవుల గృహములలో తరతరములుగా పాడబడుచున్నవి.

ఇక నొక్కమాట చెప్పి విరమించెదను. నేను బడిపంతులుగా నున్న దినములలో, ఒక గ్రామమున, క్రిస్మస్ ముందటి రాత్రి ఊరి వెలుపలి పేటనుండి పిల్లలు లాంతరు పట్టుకొని పాడుచు వచ్చిరి. పెద్దలు వాకిళ్లు మూసికొనిరి. మూయబడిన ఆ వాకిళ్లలో నాదియు నొకటి. ఆ పిల్లలలో నిద్దరు మరునాటి యుదయమున నాకు నమస్కరించిన నా శిష్యులే. వారు నన్నేమియు ననలేదు. అనకపోవుటయే నాకు నేటికిని బాధ. జ్ఞానులు దేశములు దాటి వచ్చిన పండుగనాడు, నేను నా గడపనైనను దాటలేకపోతిని. శాస్త్రము చదివినవాడను, అతిథి దేవునితో సమానుడని పిల్లలకు బోధించినవాడను!

కావున పెద్దలారా, మీ పూజ మానుడని గాని, వారి మతమున చేరుడని గాని నే ననను. ఎవరి దేవుడు వారికి గలడు. ఈ యేడు ఆ పాట మీ వాకిటికి వచ్చినప్పుడు తలుపు తెరచి, రెండు నిమిషములు నిలిచి విని, పిల్లల చేతిలో నొక బెల్లపుముక్క పెట్టుడు. సంక్రాంతినాడు వారిని మీ యింటికి పిలువుడు. పరదేశపు పండుగయా కాదా యను ప్రశ్న అప్పుడు తనంతట తానే తొలగిపోవును.

స్వస్తి.