తాళం ఒకచోట, పేరు ఒకచోట: బహ్రెయిన్ నుంచి వైఫై పాస్‌వర్డ్ చరిత్ర

తెలుగులో తాళానికి చెవి ఉంటుంది. తాళంచెవి అనే మాట నేర్చుకున్న రోజు నుంచి నాకు అది ఇష్టం. వైఫై పాస్‌వర్డ్‌కి కూడా ఈ మాట బాగా సరిపోతుంది. సరైన మాట చెప్తే రౌటర్ వింటుంది, లేకపోతే వినదు. ఈసారి ఆ తాళం చరిత్ర రాస్తున్నాను. ఎక్కువ భాగం బయటి దేశాల్లో జరిగిన కథే. కానీ బహ్రెయిన్ నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఇంటి పాస్‌వర్డ్ కాపాడేది డేటాను మాత్రమే కాదు, బిల్లు మీద ఉన్న పేరును కూడా.

మొదట చాలా పాత తాళం గురించి. మనామాలోని నేషనల్ మ్యూజియంలో దిల్మున్ కాలం ముద్రలు ఉన్నాయి. సుమారు 4,000 ఏళ్ళ కిందటివి. చిన్న గుండ్రటి రాతి బిళ్ళలు. వెనకవైపు మూడు గీతలు, నాలుగు వలయాలు, వలయం మధ్యలో చుక్క. ఆ రోజుల్లో జాడీకో తలుపుకో తాడు కట్టి, ముడి మీద తడి మట్టి పెట్టి, దానిమీద ముద్ర వేసేవాళ్ళు. సార్ అనే ఊళ్ళో తవ్వకాలు జరిపినప్పుడు ముద్రలతో పాటు ముద్ర పడిన మట్టి ముక్కలు కూడా దొరికాయి. ఇలాంటి ముద్ర ఒకటి గుజరాత్‌లోని లోథల్‌లో కూడా దొరికింది. మట్టిని ఎవరైనా పగలగొట్టగలరు. కానీ పగిలితే తెలిసిపోతుంది. ముద్ర ఎవరిదో కూడా తెలుస్తుంది. అంటే తాళం, పేరు రెండూ ఒకేచోట ఉండేవి.

వైఫైలో ఈ రెండూ వేరయ్యాయి. పేరు ఇంటర్నెట్ కంపెనీ దగ్గర ఉంటుంది. తాళం మన గోడ పక్కన ఉన్న డబ్బాలో ఉంటుంది. తాళం ఎవరు తీసినా బయటికి కనిపించేది ఆ ఒక్క పేరే.

బహ్రెయిన్‌కి ఇంటర్నెట్ 1995 డిసెంబరులో బటెల్కో ద్వారా వచ్చింది. అప్పుడది టెలిఫోన్ తీగ మీద నడిచేది. తీగకి పెద్ద తాళం అక్కర్లేదు, అది గోడ దాటి పక్కింటికి పోదు. రేడియో తరంగాలు గోడ దాటుతాయి. అందుకే 1997లో వైర్‌లెస్ నెట్‌వర్క్ ప్రమాణం తయారైనప్పుడు దానితోపాటు వెప్ అనే తాళం కూడా వచ్చింది. తీగలో ఎంత గోప్యత ఉందో గాలిలో కూడా అంతే ఇస్తామని ఆ పేరుకి అర్థం.

ఆ మాట నిలబడలేదు. బలమైన రహస్య లిపి సాధనాలను దేశం బయటికి పంపడం మీద అప్పట్లో అమెరికాలో ఆంక్షలు ఉండేవి. అందుకని వెప్ తాళంచెవి 40 బిట్లకే పరిమితమైంది. తర్వాత దాన్ని 104 బిట్లకి పెంచారు, కానీ లోపం పొడవులో మాత్రమే లేదు. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అనే ముగ్గురు పరిశోధకులు దాని లోపలి పద్ధతిలోనే తప్పు ఉందని చూపించారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 104 బిట్ల వెప్‌ని నిమిషం లోపే తెరిచారు. ఈలోపు 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. ఈ రోజుకీ చాలా ఇళ్ళలో ఉన్నది డబ్ల్యూపీఏ2నే.

డబ్ల్యూపీఏ2 మంచి తాళమే, కానీ దాని బలం మనం పెట్టే మాటలో ఉంది. ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు రెండూ గాలిలో కొన్ని సందేశాలు పంపుకుంటాయి. దగ్గర్లో ఉన్నవాళ్ళు వాటిని రికార్డు చేసుకొని, ఇంటికి వెళ్ళి తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్ ప్రయత్నించవచ్చు. రౌటర్‌కి ఆ సంగతి తెలియదు.

ఇక్కడ బహ్రెయిన్‌కి ఒక చిక్కు ఉంది. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌కి కనీసం ఎనిమిది అక్షరాలు కావాలి. బహ్రెయిన్ ఫోన్ నంబర్లో సరిగ్గా ఎనిమిది అంకెలు ఉంటాయి. అందుకే నేను చూసిన చాలా ఇళ్ళలో ఫోన్ నంబరే పాస్‌వర్డ్. మొబైల్ నంబర్లు చాలావరకు 3తో మొదలవుతాయి. అలాంటి నంబర్లు మొత్తం కలిపి కోటి. సెకనుకి పది లక్షలు ప్రయత్నించే కంప్యూటర్‌కి అది పది సెకన్ల పని.

దీనికి బదులు నా పదాల నోట్‌బుక్ తీసుకుందాం. అందులో 2,000 తెలుగు మాటలు ఉన్నాయి అనుకోండి. చీటీలు తీసినట్టు, ఏ సంబంధం లేని నాలుగు మాటలు తీస్తే 16 లక్షల కోట్ల రకాలుగా వస్తాయి. అదే కంప్యూటర్‌కి అన్నీ చూడటానికి ఆరు నెలలు పడుతుంది. ఐదు మాటలు తీస్తే సుమారు వెయ్యేళ్ళు. బెండకాయ, మేనత్త, గొడుగు లాంటి మాటలు గుర్తు పెట్టుకోవడం కూడా సులువే.

ఇప్పుడు పేరు సంగతి. ఇంట్లో పది ఫోన్లు ఉన్నా బయటి ప్రపంచానికి సాధారణంగా ఒకే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. ఆ అడ్రస్ ఎవరి పేరు మీద ఉందో కంపెనీకి తెలుసు. ఎవరు వాడారో తెలియదు. 2013 మేలో, ట్విట్టర్‌లో రాజును అవమానించారని బహ్రెయిన్ కోర్టు ఆరుగురికి ఏడాది జైలు శిక్ష వేసింది. అదే ఏడాది బహ్రెయిన్ వాచ్ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. పేరు చెప్పకుండా రాసే ఖాతాలకి కొన్ని లింకులు పంపారని, నొక్కినవాళ్ళ ఐపీ అడ్రస్ ఆ లింకు పంపినవాళ్ళకి తెలిసిపోయేదని, కొన్ని అరెస్టుల వెనక ఇవే ఉన్నాయని ఆ నివేదిక చెప్పింది. ఎంత గట్టి పాస్‌వర్డ్ ఉన్నా అలాంటి లింకుని ఆపలేదు. కానీ దీని నుంచి ఒకటి తెలుస్తుంది. ఐపీ అడ్రస్ ఇంటి దాకా తీసుకువెళ్తుంది, మనిషి దాకా కాదు. తలుపు తట్టేది బిల్లు మీద పేరున్న మనిషి కోసమే.

గల్ఫ్‌లో మనవాళ్ళు చాలామంది ఒక ఫ్లాట్‌లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. కనెక్షన్ ఒక్కరి పేరు మీద ఉంటుంది, డబ్బులు అందరూ పంచుకుంటారు. ఒకరు ఖాళీ చేస్తారు, ఇంకొకరు వస్తారు. పాస్‌వర్డ్ మాత్రం మారదు. ఖాళీ చేసిన మనిషి పక్క బిల్డింగ్‌లో ఉంటే ఆ ఫోన్ ఇంకా కలుస్తూనే ఉండవచ్చు. అడిగితే ఇవ్వను అనడం మనకి మర్యాద కాదు. అందుకే చుట్టాలకీ స్నేహితులకీ గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, దాని పాస్‌వర్డ్ ఇవ్వడం నయం. అది కూడా మీ పేరు మీదే నడుస్తుంది కాబట్టి ఎవరైనా వెళ్ళిపోగానే రెండు పాస్‌వర్డ్‌లూ మార్చేయాలి.

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3తో, రికార్డు చేసుకొని ఇంటి దగ్గర ఊహించే దారి చాలావరకు మూసుకుపోయింది. కానీ తాళాన్నీ పేరునీ మళ్ళీ ఒకచోట కలిపే ప్రమాణం ఇంకా మన ఇళ్ళకి రాలేదు. అప్పటిదాకా తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉందో బిల్లు మీద పేరున్న మనిషే గుర్తు పెట్టుకోవాలి.