నిజాము సింహాసనపు మోటారు

సికింద్రాబాదులో చదువుకునే విద్యార్థికి మోటారుబండ్ల మీద మోజు ఉంటే, సిల్వర్ ఘోస్ట్ అనే రోల్స్ రాయిస్ బొమ్మను ఏ పుస్తకంలోనో చూచే ఉంటాడు. అటువంటి బండి ఏ ఇంగ్లండులోనో తప్ప కంటికి కనబడదని అనుకుంటాడు. కాని హుస్సేన్ సాగరం కట్ట మీదుగా పోయి, మూసీ దాటి, చార్మినారు దగ్గర ఉన్న చౌమహల్లా ప్రాసాదానికి వెళితే, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్‌నే అక్కడ ప్రదర్శనలో ఉంచినారు.

అయితే మొదటి చూపులో అతడు దానిని పోల్చుకోలేకపోవచ్చు. పుస్తకంలోని బండి వెండిరంగుది. పైకప్పు లేనిది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఇక్కడిదేమో పసుపుపచ్చని రంగు. నిలువెత్తు అద్దాలు, గుమ్మటం వంటి పైకప్పు, వెనుక భాగాన సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం. ఈ రెండూ ఒకటే బండి ఎట్లా అవుతుంది? ఆ రోజులలో రోల్స్ రాయిస్ కంపెనీ బండి పైభాగం తయారుచేసేది కాదు. చట్రం, యంత్రం, చక్రాలు మాత్రమే అమ్మేది. పైభాగాన్ని కొన్నవారి ఇష్టప్రకారం వేరే పనివారు కట్టేవారు. నిజాము బండికి ఆ పని చేసినది లండనులోని బార్కర్ కంపెనీ. కనుక పోల్చవలసినది రంగునూ కప్పునూ కాదు, ముందు భాగాన్ని. గ్రీకు దేవాలయం ముఖద్వారం వలె నిలువు గీతలతో ఉన్న రేడియేటరును చూడగానే అనుమానం తీరిపోతుంది.

దాని వెనుక ఉన్నది 7,428 ఘన సెంటీమీటర్ల యంత్రం. సిలిండర్లు ఆరు. నాలుగు సిలిండర్ల యంత్రంలో ఇరుసు అరచుట్టు తిరిగినప్పుడల్లా ఒక సిలిండరులో పెట్రోలు మండుతుంది. ఆరు ఉన్నప్పుడు చుట్టులో మూడవ వంతుకే మండుతుంది. అందువల్ల తోపుకూ తోపుకూ నడుమ ఖాళీ తగ్గుతుంది. పైగా ఆరు ముషలకాల కదలికలు ఒకదాని కుదుపును మరొకటి రద్దు చేస్తాయి. ఆ కాలపు ఆరు సిలిండర్ల యంత్రాలలో పొడవైన ఇరుసు మెలిపడి వణికేది. హెన్రీ రాయిస్ ఇరుసును లావుగా చేసి, ఏడు బేరింగులమీద నిలిపి, ఒత్తిడితో నూనె పంపి ఆ బాధను చాలావరకు తగ్గించినాడు. ఘోస్ట్ అంటే దయ్యం. చప్పుడు చేయకుండా పోతుంది కనుకనే 1907లో ఒక బండికి ఆ పేరు పెట్టినారు. తరువాత అదే ఆ రకం బండ్లన్నిటికీ అంటుకున్నది.

1911లో ఇటువంటి బండి లండను నుండి ఎడింబరోకు పోయి తిరిగి వచ్చినది. దారి పొడవునా పై గేరు ఒక్కటే వాడినారు! పై గేరులో బండి మెల్లగా పోతే యంత్రమూ మెల్లగా తిరుగుతుంది. బలహీనమైనదైతే ఊగి ఆగిపోతుంది. ఈ బండి ఆగలేదు. గ్యాలనుకు 24.32 మైళ్ళు నడచినది. తరువాత బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో అదే బండి గంటకు 78.26 మైళ్ళ వేగాన్ని అందుకున్నది. అట్లని దానికి లోపం లేదనరాదు. 1912లో ఆల్ప్స్ పర్వతాల పోటీలో జేమ్స్ రాడ్లే నడిపిన సిల్వర్ ఘోస్ట్ కాట్ష్‌బెర్గ్ కనుమలో ఎక్కలేక ఆగినది. యంత్రానికి బలం చాలక కాదు. మూడు గేర్లలో అంత నిటారు ఎక్కుడుకు తగిన గేరు లేక. మరుసటి ఏడు నాలుగు గేర్లు పెట్టి పోయిన బండ్లు ఆ కనుమలను ఎక్కి బహుమతులు తెచ్చుకున్నవి.

నిజాముకు కనుమలతో పనిలేదు. ఊరేగింపులో కాలినడకన పోయే పరివారం నడుమ, ఆసనం కదలకుండా, చప్పుడు లేకుండా నడవాలి. వినడానికి సులువే గాని, మోటారు యంత్రానికి అది పరుగుకంటె కష్టమైన పరీక్ష. వేగంగా తిరిగేటప్పుడు తెలియని కుదుపు మెల్లగా తిరిగేటప్పుడు బయటపడుతుంది. ఎడింబరో దారిలో గెలిపించిన గుణమే ఇక్కడ కావలసినది.

ఈ బండి కోసం కబురు పంపినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్. ఆయన దానిలో కూర్చోనేలేదు. 1911 ఆగస్టులో మరణించినాడు. బండి ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్‌కు వచ్చినది. ఆయన దానిని ఉత్సవాలకు మాత్రమే, అదీ అరుదుగా బయటికి తీసేవాడు. 78 మైళ్ళ వేగం చూపిన యంత్రానికి తోబుట్టువు, కొద్ది వందల మైళ్ళయినా సరిగా తిరగక, ఏళ్ళ తరబడి దుమ్ముపట్టి షెడ్డులో నిలిచిపోయినది. చాలాకాలానికి దానిని బాగుచేయించినారు. ఇప్పుడు పసుపురంగు మళ్ళీ మెరుస్తున్నది. చూడవచ్చిన పిల్లలు ముందుగా సింహాసనం దగ్గరికే పరుగెత్తుతారు. ఉపాధ్యాయుడు వారిని ఒక్క నిమిషం రేడియేటరు ముందు నిలబెట్టవచ్చు.