ఆన్‌లైన్ కొనుగోళ్లపై పన్ను వసూలు: రామకుప్పం దృష్టాంతంగా వివరణ

చిత్తూరు జిల్లా కుప్పం రెవెన్యూ డివిజన్‌లోని రామకుప్పం మండలం కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉన్నది. ఇక్కడి వినియోగదారు ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు బెంగళూరు గిడ్డంగి నుండి రావచ్చు, విజయవాడ నుండీ రావచ్చు. చెల్లించిన పన్ను ఏ రాష్ట్ర ఖజానాకు చేరుతుందన్న సందేహానికి తావున్నందున, పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఈ దిగువ వివరాలు ఇవ్వడమైనది.

పూర్వ విధానం

రాష్ట్రంలో విలువ ఆధారిత పన్ను చట్టం 2005 ఏప్రిల్ 1 నుండి అమలైనది. అయితే అంతర్రాష్ట్ర అమ్మకాలకు 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం వర్తించేది. దాని ప్రకారం వసూలైన పన్ను సరుకు బయలుదేరిన రాష్ట్రానికే దక్కేది. కనుక రామకుప్పం వాసి బెంగళూరు వర్తకుని నుండి తెప్పించుకున్న వస్తువుపై పన్ను కర్ణాటకకు జమ అయ్యేది.

ప్రస్తుత విధానం

2017 జూలై 1న అమలులోకి వచ్చిన వస్తు, సేవల పన్ను ఈ పద్ధతిని మార్చినది. పన్ను ఇపుడు వినియోగం జరిగే రాష్ట్రానికి చెందుతుంది. ఉదాహరణకు, 18 శాతం పన్ను గల రూ.10,000 విలువైన వస్తువు కర్ణాటక నుండి రామకుప్పం వచ్చినచో, రూ.1,800 సమీకృత పన్ను వసూలవుతుంది. అందులో రూ.900 కేంద్రానికి, రూ.900 ఆంధ్రప్రదేశ్‌కు చెందుతాయి.

చిరునామా ప్రాధాన్యం

2023 అక్టోబరు 1 నుండి, నమోదు కాని కొనుగోలుదారు విషయంలో బిల్లుపై నమోదైన చిరునామాయే సరఫరా స్థానాన్ని నిర్ణయిస్తుంది. చిరునామా లేనిచో విక్రేత ఉన్న రాష్ట్రమే సరఫరా స్థానమవుతుంది. బిల్లు చిరునామా, అందజేత చిరునామా వేరైనపుడు అందజేత చిరునామానే నమోదు చేయవచ్చునని 2024 జూన్ 26 నాటి కేంద్ర సర్క్యులర్ స్పష్టపరచినది. కావున బిల్లుపై రాష్ట్రం పేరు సరిగా ఉండుట రాష్ట్ర ఆదాయానికి కీలకం.

వసూలు బాధ్యత

2018 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ వేదికల నిర్వాహకులు, తమ ద్వారా అమ్మే వర్తకుల నికర పన్ను విలువపై కొంత మొత్తాన్ని మూలంలోనే వసూలు చేసి, మరుసటి నెల 10వ తేదీలోగా చెల్లించవలెను. తొలుత 1 శాతంగా ఉన్న ఈ రేటు 2024 జూలై 10 నుండి 0.5 శాతమైనది. అనగా రూ.1,00,000 అమ్మకంపై రూ.500. ఇది వినియోగదారుపై అదనపు భారం కాదు. వర్తకుని ఖాతాకు జమ అవుతుంది.

స్థానిక వర్తకులకు గమనిక

ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు మాత్రమే విక్రయించే వర్తకులకు సాధారణ నమోదు పరిమితి రూ.40 లక్షల వార్షిక టర్నోవరు. ఈ పరిమితి లోపలి చిన్న వర్తకులు, 2023 అక్టోబరు 1 నుండి, పోర్టల్‌లో పాన్ ఆధారంగా నమోదు సంఖ్య పొంది, పూర్తి జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్‌లో అమ్ముకొనవచ్చును. అయితే ఈ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే పరిమితం. కొద్ది కిలోమీటర్ల దూరంలోని పొరుగు రాష్ట్రపు గ్రామానికి సరుకు పంపినను అది అంతర్రాష్ట్ర సరఫరాయే. కనుక సరిహద్దు మండలాల వర్తకులు ఈ భేదాన్ని ముందుగా గ్రహించుట అవసరం.

ఇతర దేశాలలో

అమెరికాలో సైతం ఇదే ప్రశ్న తలెత్తినది. తమ రాష్ట్రంలో దుకాణం లేని విక్రేతల నుండి కూడా రాష్ట్రాలు అమ్మకపు పన్ను వసూలు చేయవచ్చునని ఆ దేశ సుప్రీంకోర్టు 2018 జూన్ 21న, సౌత్ డకోటా కేసులో తీర్పునిచ్చినది.