భూగర్భమున ఒక కూడలి

లండను నగరమున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు భవనము ఎదుట అనేక వీథులు కలిసెడి పెద్ద కూడలి కలదు. దాని అడుగున మరియొక కూడలి కలదు. అక్కడ కలిసెడివి రైలు మార్గములు. దానికి బ్యాంకు స్టేషను అని పేరు. ఒక బండి దిగి వేరొక బండి ఎక్కదలచినవాడు అచ్చట మెట్లు దిగి, మలుపులు తిరిగి, మరల ఎక్కి, చాల దూరము నడువవలెను. ఆ దారి అంత వంకరగా ఏల ఉన్నదో చెప్పుటయే నేటి మన ప్రసంగము.

ప్రపంచమున మొదటి భూగర్భ రైలు మార్గము 1863 జనవరి 10వ తేదీన లండనులోనే ప్రారంభమైనది. అవి ఆవిరియంత్రపు దినములు. పొగ వెడలుటకు దారి కావలెను గనుక, మార్గమును ఎక్కువ లోతున వేయుటకు వీలులేకపోయెను. అట్టి మార్గమే 1884లో ఈ కూడలికి సమీపమునకు వచ్చినది. 1666 నాటి మహాగ్నిప్రమాదమునకు స్మారకముగా నిలిచిన స్తంభమును బట్టి అచ్చటి స్టేషనుకు మాన్యుమెంటు అని పేరు పెట్టిరి.

తరువాత విద్యుచ్ఛక్తి వచ్చినది. గ్రేట్‌హెడ్ అను ఇంజనీరు ఉక్కు కవచమును మట్టిలోనికి నెట్టుచు, వెనుక ఇనుప వలయములు బిగించుచు, లోతున సొరంగములు త్రవ్వించెను. అప్పుడు మూడు కంపెనీలు ఒకే కూడలికి పరుగెత్తినవి. వాటర్లూ నుండి ఒకటి 1898లో వచ్చెను. దక్షిణమునుండి రెండవది 1900 ఫిబ్రవరిలోను, పడమటినుండి మూడవది అదే జులైలోను వచ్చెను. ఎవరి లోతు వారిది, ఎవరి ద్వారము వారిది. వాటర్లూ మార్గపు స్టేషనుకు 1940 వరకు ‘సిటీ’ అనియే పేరు! మూడవ కంపెనీ, పైనున్న ఇండ్ల యజమానులకు పరిహారమీయ నవసరము లేకుండ, వీథుల క్రిందనే సొరంగమును నడపెను. అందుచేత అచ్చటి ప్లాట్‌ఫారము విల్లువలె వంగినది. బండికిని గట్టునకును నడుమ ఎడముకలదు, జాగ్రత్త అను హెచ్చరిక నేటికిని అచ్చట వినబడును.

రెండవ కంపెనీకి స్టేషను కట్టుటకు చోటు కావలసివచ్చెను. శిల్పి హాక్స్‌మూర్ నిర్మించిన సెయింట్ మేరీ ఉల్‌నాత్ చర్చిని పడగొట్ట దలచిరి. పౌరులు గట్టిగా అడ్డుపడిరి. తుదకు చర్చి అడుగుభాగమును మాత్రమే కంపెనీ తీసికొనెను. అందలి శవపేటికలను తరలించి, కట్టడమును ఉక్కు దూలములపై నిలిపి, దాని క్రింద లిఫ్టులకు బావులు త్రవ్విరి. ఆ చర్చి నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది.

1933 జులైలో నగర రవాణా అంతయు ఒకే ప్రజాసంస్థ చేతిలోనికి వచ్చినది. ఆ సెప్టెంబరులోనే బ్యాంకునకును మాన్యుమెంటునకును నడుమ కదలెడి మెట్లతో దారి ఏర్పడెను. వాటర్లూ మార్గము మాత్రము ఆ సంస్థకు వెలుపలనే యుండెను. దాని ప్రయాణికుల కొరకు 1960లో కదలెడి బాట వేసిరిగాని, ఆ మార్గము తక్కిన వానితో ఒకే యాజమాన్యము క్రిందికి వచ్చుటకు 1994 వరకు ఆగవలసివచ్చెను. అప్పుడు దాని వెల ఒక్క పౌను!

ఈ కథలో ఒక చీకటి రాత్రియు కలదు. 1941 జనవరి 11న శత్రువిమానము విడిచిన బాంబు, వీథి క్రిందనే యున్న టిక్కెట్ల హాలుపై పడెను. వీథి కుంగి లోనికి కూలిపోయెను. యాబదిమందికి పైగా మరణించిరి. లోతున ఉన్నామను ధైర్యముతో ఎందరో తలదాచుకొన్న చోటది. ఆ గోతిపై తాత్కాలికముగా వంతెన వేసి రాకపోకలు సాగించిరి.

1991లో డాక్‌లాండ్సు మార్గమును వచ్చి చేరెను. ఇరుకు భరింపరానిదయ్యెను. తుదకు దక్షిణమునకు పోవు బండ్లకు క్రొత్త సొరంగము త్రవ్వి, పాత ప్లాట్‌ఫారమును జనులు నడచు బాటగా మార్చిరి. 2022 మేలో ఆ సొరంగమున బండ్లు నడచినవి. 1900లో ముడిపడిన చిక్కును విప్పుటకు నూటయిరువది యేండ్లు దాటినవి.

నేడు మన దేశమునను అనేక నగరములలో భూగర్భ మార్గములు త్రవ్వుచున్నారు. సొరంగము త్రవ్వుటకన్న రెండు సొరంగములను కలుపుటయే కష్టమని ఈ స్టేషను చెప్పుచున్నది. ముందు వచ్చినవాడు వెనుక రాబోవువానికై ఒక తలుపు విడిచియుంచినచో, ఆ తరువాతి తరములవారి కాళ్లకు ఎంత నడక తప్పును! గ్రేట్‌హెడ్ విగ్రహము నేడు ఆ కూడలి చెంతనే నిలిచియున్నది. దాని పీఠము బోలుగా నుండును. క్రింద నడచు జనులకు గాలి అందులోనుండియే పోవును.