సూయజ్ సంక్షోభం: మిత్రరాజ్యాల కలహం

1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు జమాల్ అబ్దున్నాసిర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశారు. బ్రిటిష్ ప్రధాని ఈడెన్ ఫ్రాన్సు, ఇజ్రాయిల్‌లతో రహస్య ఒప్పందం చేసుకున్నారు. అక్టోబరు 29న ఇజ్రాయిల్ దాడి చేయగా, పోరు ఆపే నెపంతో ఆ రెండు దేశాలూ రంగంలోకి దిగాయి. రెండవ ప్రపంచయుద్ధంలో తోడు నిలిచిన అమెరికా తమను అడ్డగించదని ఈడెన్ నమ్మారు.

ఆ నమ్మకం వమ్మయింది. సేనలు వైదొలగనిదే, పౌండును నిలబెట్టే ధనసహాయం అందదని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వం స్పష్టం చేసింది. నవంబరు 6న కాల్పులు ఆగాయి. డిసెంబరు 22 నాటికి బ్రిటిష్, ఫ్రెంచి సేనలు వెళ్ళిపోయాయి. 1957 జనవరిలో ఈడెన్ రాజీనామా చేశారు.

అమెరికాను నడిపించింది కేవలం న్యాయబుద్ధి కాదు. అరబ్బు దేశాలు సోవియట్ పక్షం చేరతాయన్న భయం కూడా. 1958లో ఇరుదేశాల మధ్య అణ్వస్త్ర సహకార ఒడంబడిక కుదిరింది. అదే ఏడు అమెరికా సేనలు లెబనానులో, బ్రిటిష్ సేనలు జోర్డానులో దిగాయి. మిత్రుల కలహం తీరింది గాని, అరబ్బు నేలపై పరాయి సేనల రాక తీరలేదు.