నెల్లూరు నుంచి నేటాల్‌కు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తారు, నువ్వు ఆ దక్షిణాఫ్రికా సంగతి రాయి" అన్నాడు మా బ్యాచ్ మిత్రుడొకడు. రాయడానికి కూర్చుంటే అదీ మన తరగతి గదిలోనే మొదలైందని తేలింది.

మా తరగతిలో ముగ్గురు బోర్డింగ్ పిల్లలుండేవారు. మిషన్ హాస్టల్‌ని మనమంతా బోర్డింగ్ అనే అనేవాళ్ళం కదా. ఆ ముగ్గురిలో ఒకడికి తల్లీ తండ్రీ లేరు. ఏటా క్రిస్మస్ ముందు కెనడాలో ఉన్న ఒక దొరసానికి వాడు ఉత్తరం రాయాలి. ఆవిడే వాడి తిండికీ బట్టకీ డబ్బు పంపేది. నా ఇంగ్లీషు కాస్త నయమని నాచేత రాయించుకునేవాడు. నేను బాగున్నాను, బాగా చదువుకుంటున్నాను, మీకోసం ప్రార్థన చేస్తున్నాను. ఇవే మూడు వాక్యాలు. ఒక ఏడు, "ఆవిణ్ణి ఒకసారి రమ్మని రాయరా" అన్నాడు. రాశాను. వార్డెన్ గారు ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయించారు.

విదేశాల నుంచి మన వైపుకి వచ్చిన మిషనరీల చరిత్ర మనకు కొంత తెలుసు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. కెనడా నుంచి జాన్ మెక్లారిన్ 1874లో కాకినాడ వచ్చారు. అక్కణ్ణుంచి వాళ్ళ బళ్ళూ ఆస్పత్రులూ తుని, యలమంచిలి దాకా వచ్చాయి. మన దగ్గర్నుంచి పరాయి దేశం వెళ్ళిన వాళ్ళూ ఉన్నారని మాత్రం నాకు అరవయ్యేళ్ళు వచ్చేదాకా తెలియదు. 2009లో ఉద్యోగ విరమణ అయ్యాక, మా సంఘ కాపరి గారి ద్వారా, డర్బన్ దగ్గర ఒక అనాథ పిల్లల ఆశ్రమంలో మూడు నెలలు పనిచేయడానికి వెళ్ళాను. ఆ దేశంలో ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు లక్షల్లో ఉన్నారు. మా ఆశ్రమంలో ఎక్కువమంది జులూ పిల్లలు, కొద్దిమంది మనవాళ్ళ వారసులు.

ప్రతి శనివారం అక్కడికి ఒక పెద్దావిడ వచ్చేది. ఇంటిపేరు నాయుడు. అక్కడ ఆ పేరుని ఇంగ్లీషులో చివర రెండు 'ఓ'లు పెట్టి రాస్తారు. ఆవిడకి తెలుగులో అమ్మ, అవ్వ, రా, తిను, పడుకో తప్ప రావు. ఆ అయిదు మాటలతోనే జులూ పిల్లలకి కూడా అన్నం పెట్టేది. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం జిల్లా వాడట. మాది ఆ జిల్లాయే అంటే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. జాన్ రంగయ్య గారి పేరు మొదట చెప్పింది ఆవిడే.

1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలతో డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగేనాటికి లక్షా 52 వేల మందికి పైగా నేటాల్ వెళ్ళారు. వాళ్ళలో చాలామంది విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు. అయిదేళ్ళ ఒప్పందం. మగవాడికి మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు, ఏడాదికో షిల్లింగు పెంపు. ఆడవాళ్ళకి అందులో సగం. తేయాకు కోతకి పిల్లలూ వెళ్ళేవారు.

వాళ్ళ కోసం నెల్లూరు తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం 1903లో రంగయ్య గారిని పంపింది. ఆయన బడిపంతులు. భార్య కనకమ్మ గారితో డర్బన్‌లో దిగి, ఉత్తరాన కియర్స్నీలో హ్యూలెట్ దొర తేయాకు తోటల మధ్య కాపురం పెట్టారు. ఆ ఏడాది డిసెంబర్ 27న అక్కడ మొదటి భారతీయ బాప్టిస్టు సంఘం ఏర్పడింది. కూలీల పిల్లలకి చదువూ చెప్పారు. ఇక్కడొక విశేషం చెప్పాలి. అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంత మిషన్ సంఘం పెట్టుకుని మన తెలుగు దేశానికే, దోర్నకల్ ప్రాంతానికి, సేవకుల్ని పంపసాగారు. దొరలు పంపితేనే మిషనరీ అనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

అదే ఏడు నేటాల్ ప్రభుత్వం ఇంకో పని చేసింది. 1895 చట్టం ప్రకారం, గడువు తీరాక ఇండియాకి తిరిగి వెళ్ళకుండా, మళ్ళీ కూలికి ఒప్పుకోకుండా ఉండిపోయినవాడు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 1903లో దాన్ని పిల్లలకీ వర్తింపజేశారు. మగపిల్లాడికి 16 ఏళ్ళు, ఆడపిల్లకి 13 నిండితే చాలు. తల్లీ తండ్రీ ఇద్దరు ఎదిగిన పిల్లలుంటే 12 పౌన్లు, అంటే 240 షిల్లింగులు. నెలకి 14 షిల్లింగులు తెచ్చే తండ్రి ఏడాది సంపాదన 168! రంగయ్య గారి దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలు ఈ లెక్క కిందే పెరిగారు. గాంధీగారి సమ్మె తరువాత 1914లో ఆ పన్ను పోయింది. మరుసటి ఏడాది, 1915లో, రంగయ్య గారు కన్నుమూశారు. పన్నెండేళ్ళు ఆ కూలీల మధ్యే ఉన్నారు.

పెద్దావిడ నన్ను కియర్స్నీ వైపు తీసుకెళ్ళింది. తేయాకు ఎప్పుడో పోయింది. కనుచూపు మేర చెరుకు. మన గోవాడ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళలో తిరుగుతున్నట్టే ఉంది. ఆ ఏటవాలు తోటల్ని చూసినప్పుడు నాకు తట్టింది ఒక్కటే: ఆయన ఇక్కడికి కాపురానికి వచ్చాడు, నేను చూసిపోవడానికి వచ్చాను.

ఆశ్రమంలో ఎనిమిదేళ్ళ కుర్రాడొకడు మొదటి రోజే నన్ను అడిగాడు, "ఎన్ని రోజులుంటారు?" అని. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నాలాంటి వాళ్ళని వాడు చాలామందిని చూశాడు. ఆఫీసు గదిలో సందర్శకుల పుస్తకంలో వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ అని రెండు గళ్ళు. ఒక్కొక్క పేరు పక్కన రెండు వారాలు, నెల, పది రోజులు. రెండు నెలలు వాడు నా పక్కనే కూర్చుని లెక్కలు చేశాడు. చివరి వారం రాలేదు. పిలిస్తే బంతి తీసుకుని అవతలికి పోయాడు. నాకు కోపం వచ్చిందంటే నమ్ముతారా? ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. రాత్రి పెద్దావిడతో అంటే, "వాడు ముందే ప్రాక్టీసు చేస్తున్నాడు" అంది.

ఉత్తరాలు రాస్తానని మాటిచ్చాను. రెండు రాశాను. తరువాత మనవరాలు పుట్టింది, కంటి ఆపరేషన్ అయింది, ఏదో ఒకటి. మూడోది రాయలేదు. మరుసటి క్రిస్మస్‌కి వాడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు. నేను బాగున్నాను, బాగా చదువుకుంటున్నాను, మీకోసం ప్రార్థన చేస్తున్నాను.

జవాబు ఆ రాత్రే రాశాను. ఆ తరువాత కూడా రాస్తూనే ఉన్నాను గానీ, వాడు పదిహేడో ఏట ఆశ్రమం విడిచి వెళ్ళాక చిరునామా దొరకలేదు.

మా తరగతి బోర్డింగ్ మిత్రుడు కూడా పదో తరగతి తరువాత ఎటు వెళ్ళాడో తెలియదు. అరకు వైపు టీచరుగా పనిచేశాడని ఒకరు, హైదరాబాదులో ఉన్నాడని ఒకరు అంటారు. వాడి సంగతి తెలిసిన వారెవరైనా మన సంఘం కార్యదర్శి గారికి ఒక ఫోన్ చేయండి. స్వర్ణోత్సవ సభకి వాణ్ణి స్వయంగా పిలవాలని ఉంది.